ఉప్పు తగలని కన్ను

మా వైపు చెంగల్రాయుడంటే ఎవరికీ తెలియదు. అర్జునుడి చెంగల్రాయుడనాలి. అప్పుడు పుంగనూరు నుంచి కుప్పం దాకా ఏ పల్లెలో బస్సు దిగి అడిగినా, ఆయన తమ ఊరివాడే అన్నంత ధీమాగా మాట్లాడతారు. నిజానికి ఆయనది చౌడేపల్లె దగ్గర ఒక మెట్ట పల్లె. వానొస్తే చెనిక్కాయలు, అదే వేరుశనగ, పండే చేను, పాడి ఆవులు, పెళ్ళాం నాగరత్నమ్మ. బిడ్డలు లేరు. ఏడాదిలో ముప్పాతిక భాగం అందరిలాంటి రైతు. ఎండాకాలం మాత్రం అర్జునుడు.

ఎండాకాలం మా పల్లెల్లో ధర్మరాజు గుళ్ళ దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం, పద్దెనిమిది దినాలు. ఒక ఊళ్ళో ముగిసిందంటే ఇంకో ఊళ్ళో మొదలు. ఆ నాటకాలకు హార్మోనియం వాయించినవాణ్ణి నేను. పేరు గోపాలస్వామి. ఆ పేరుతో నన్ను పిలిచిన మనిషి లేడు. "ఏమప్పా పెట్టె, శృతి ఇయ్యి" అనేవాళ్ళు. నిద్ర లేదు, వేళకు తిండి లేదు, పెట్టెతో పాటు బస్సు టాపు మీద ప్రయాణం. ఇప్పుడు తలుచుకున్నా నడుం లాగుతుంది. అయినా ఏటా ఎందుకు పోయేవాడివని అడిగితే చెంగల్రాయుడి పద్యం కోసం అనే చెప్పాలి. ఆ గొంతు వెనక వాయించడం అలవాటైనవాడికి ఇంకొకడి వెనక వాయించబుద్ధి కాదు.

ఆయనకు గొంతుంది గానీ చూపు లేదు. గుడ్డివాడని కాదు. సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుంటే అందరిలాగే చూసేవాడు. అవి తీస్తే మూరెడు దూరంలో ఉన్న మనిషి ముఖం కూడా అలుక్కుపోయేది. అర్జునుడికి కళ్ళద్దాలేమిటి? కిరీటం తగిలించుకునే ముందు వాటిని తీసి నాగరత్నమ్మ చేతికిచ్చేవాడు. ఆమె కొంగున ముడేసుకుని ఆట ముగిసేదాకా ఒక వార కూర్చునేది. ఆయన ద్రౌపదిని గజ్జెల చప్పుడును బట్టి, భీముణ్ణి బీడీ వాసనను బట్టి గుర్తుపట్టి ఆట నడిపించేవాడు. జనానికి తెలియదు. అర్జునుడి చూపు ఎక్కడో దూరంగా నిలిచి ఉంటుందని, అది దైవాంశ అని చెప్పుకునేవాళ్ళు. నాకు నవ్వొచ్చేది.

భారతం మధ్యలో ఒక దినం పొద్దున అర్జునుడి తపస్సు. ఊరి బయట బయల్లో తాటిచెట్టంత మాను పాతి, మెట్లలాగా కర్రముక్కలు కొడతారు. అర్జునుడు మెట్టుకొక పద్యం పాడుతూ కొసకెక్కి, అక్కడ కట్టిన పలక మీద కూర్చుని, శివుణ్ణి తలుచుకుని, జోలెలో నుంచి నిమ్మపండ్లూ విభూది పొట్లాలూ కిందికి విసురుతాడు. బిడ్డలు లేని ఆడవాళ్ళు తడిచీరలతో మాను చుట్టూ నిలబడి కొంగు పడతారు. కొంగులో పండు పడితే కడుపు పండుతుందని మా వైపు నమ్మకం. మాను కింద పెట్టె వాయిస్తూ తలెత్తి చూడాలంటే నాకే కళ్ళు తిరిగేవి. అంత ఎత్తున భయం కాదా అని ఒకసారి అడిగాను.

"కింద ఏముండాదో కనపడితే గదప్పా భయం" అన్నాడు.

అలా ఏళ్ళు గడిచిపోయాయి. ఇంకా అలాగే గడిచిపోయేవేమో గానీ, పంతొమ్మిది వందల ఎనభై ఒకటి ఎండాకాలం కుప్పం దగ్గర ఒక ఊళ్ళో పరువు పోయింది. అర్జునుడు ద్రోణాచార్యుడికి మొక్కే ఘట్టం. ద్రోణుడి వేషం కట్టినవాడు దాహానికి తట్టుకోలేక ఒక అడుగు పక్కకు జరిగి సోడా తాగుతున్నాడు. సోడా తెచ్చినవాడు ద్రోణుడి చోట నిలబడ్డాడు. మా అర్జునుడు పద్యం అందుకుని, రాగం సాగదీసి, ఆ సోడా అమ్మేవాడి కాళ్ళ మీద సాష్టాంగపడ్డాడు. వాడూ తక్కువవాడు కాదు, నెత్తిన చెయ్యిపెట్టి దీవించాడు. జనం పొట్ట చేత పట్టుకుని నవ్వారు. గుడి పెద్దలు నవ్వలేదు. వచ్చే యేటి నుంచి పలమనేరు కుర్రవాడు రామచంద్రను పిలుచుకుంటామని తెల్లవారగానే చెప్పేశారు. ఒక ఊళ్ళో వేషం పోతే మిగతా ఊళ్ళలో నిలవదని మాకు తెలుసు.

పుంగనూరులో బస్సు దిగి, టీ అంగడి బల్ల మీద కూలబడ్డాక చెంగల్రాయుడు ఒకే మాటన్నాడు.

"అర్జునుడు గాకపోతే నేనెవురప్పా?"

మదనపల్లెలో అద్దాలమ్మే ఆయన, కంట్లోనే పెట్టుకునే అద్దాలు వచ్చాయనీ, ఎవరికీ కనపడవనీ నాగరత్నమ్మకు చెప్పి ఉన్నాడట. ఆమె ఆ మాట పట్టుకుని, మమ్మల్నిద్దర్నీ మదనపల్లెకు లాక్కుపోయింది.

మిషను ఆసుపత్రిలో కళ్ళ డాక్టరమ్మ పేరు విమలమ్మ. ఆదివారం చర్చి తప్పని మనిషి. అర్జునుడు మాను ఎందుకెక్కుతాడో, పండ్లెందుకు విసురుతాడో ఆమెకు మేమే చెప్పాల్సి వచ్చింది. ఓపిగ్గా విన్నది. మొదట గట్టి లెన్సు పెట్టి చూసింది. దాంతో ఆయనకు గోడ మీద అక్షరాలు చెక్కినట్టు కనిపించాయి. పెట్టుకుని బయటికొచ్చి రోడ్డు దాటాడో లేదో, లారీ లేపిన దుమ్ము దాని కింద దూరి, సూది గుచ్చినట్టయి, రెండు కళ్ళూ పట్టుకుని కూర్చున్నాడు. భారతం జరిగేది దుమ్ములోనే. అది పనికిరాదని తేలిపోయింది.

అప్పుడామె బెంగుళూరు నుంచి మెత్త లెన్సులు తెప్పించింది. వేలి కొస మీద పెట్టి చూపిస్తే తాటిముంజ మీది పొరలాగా ఉంది. గట్టిదాంతో కనిపించినంత చురుగ్గా దీంతో కనిపించదని ముందే చెప్పింది. గాలికి ఆరితే చూపు మసకేస్తుంది, రెప్ప ఆడిస్తే మళ్ళీ తేటపడుతుంది. కంటికి గాలి అందాలి గనక పెట్టుకుని నిద్రపోకూడదు. పొగకూ, ముఖానికి పూసే రంగులకూ దూరంగా ఉంచాలి. ఇవన్నీ చెప్పి, ఆఖరి మాట మాత్రం నాగరత్నమ్మ వైపు తిరిగి చెప్పింది.

"ఇది నీళ్ళు తాగే వస్తువమ్మా. ఏ నీళ్ళలో పెడితే ఆ నీళ్ళు తాగుతుంది. మన కన్నీళ్ళు ఎంత ఉప్పగుంటాయో అంత ఉప్పుండే నీళ్ళలోనే పెట్టాల. ఉత్తనీళ్ళు తగలనీయొద్దు."

మందుల అంగట్లో దొరికే డిస్టిల్డ్ వాటరులో ఉప్పు బిళ్ళ కరిగించి, ఆ నీళ్ళలో లెన్సులుంచిన డబ్బీని దినమూ మరగబెట్టాలి. నాగరత్నమ్మ సంగటి కుండ పక్కనే ఇంకో పొయ్యి రాయి వేసింది. మొగుడి కళ్ళు ఉడకబెట్టుకునే ఆడదాన్ని నిన్నే చూశానని నేను వెక్కిరించేవాణ్ణి. ఆమె నవ్వేది. పెట్టడం తియ్యడం ఆయనకు చేతకాక, కొన్నాళ్ళు కన్ను పొడుచుకుని పొడుచుకుని, చివరికి నేర్చుకున్నాడు. మరుసటి యేడు కుప్పం వాళ్ళు రామచంద్రనే పిలుచుకున్నారు గానీ, మిగతా ఊళ్ళు ఈయన్ను వదల్లేదు.

సొంత ఊళ్ళో భారతం ఏటా అన్ని ఊళ్ళ తర్వాత ఆఖరున వస్తుంది. ఎనభై మూడులో అక్కడే ఆయన మొదటిసారి మెత్త లెన్సులు పెట్టుకుని మాను ఎక్కాడు; అంతదాకా పైన గాలికి ఆరిపోతాయని వాటిని తీసేసే ఎక్కేవాడు. సగం దాకా పద్యాలు బాగానే సాగాయి. ఆ తర్వాత ఒక పద్యం మధ్యలో గొంతు ఆగిపోయింది. నేను పెట్టె మీద ఒకే స్వరం పట్టుకుని, తిత్తి కొట్టుకుంటూ, చెయ్యి నొప్పెట్టేదాకా ఉండిపోయాను. జనం భక్తి అనుకుని దండాలు పెట్టారు. నాకర్థమైంది, ఇన్నేళ్ళకు కింద ఏముందో ఆయనకు కనిపించింది. ఎలాగో కొసకు చేరుకున్నాడు. పండ్లు గుప్పిళ్ళతో తీసి గబగబా విసిరేశాడు. కిందికి దిగి మానుకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఎత్తుకు దడుచుకున్నావా అంటే తలూపాడు.

అది సగం నిజమేనని తర్వాతి యేడు నాకు తెలిసింది. పండ్లన్నీ అయిపోయి, ఖాళీ జోలె దులుపుతూ కిందికి చూస్తే, తడిచీరల ఆడవాళ్ళ మధ్య నాగరత్నమ్మ కనిపించిందట. తలెత్తి, రెండు చేతులా కొంగు పట్టుకుని, ఆయన్నే చూస్తూ నిలబడి ఉందట. పెళ్ళయి ఇరవయ్యేళ్ళు దాటింది. ఏటేటా ఆమె అలా నిలబడిందని ఆయనకు తెలియదు, ఎందుకంటే ఏనాడూ కనపడలేదు. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ పండ్లు విసిరిన మనిషి సొంత పెళ్ళాం కొంగులో ఒక్కటీ వెయ్యలేదు. ఆ బాధ ఏడాదంతా లోపలే పెట్టుకుని తిరిగాడు. ఆమెను అడగలేదు. అడిగితే ఆమె సిగ్గుపడుతుందని ఆయన అనుకున్నాడు.

మరుసటి ఎండాకాలానికి లెన్సులు పాతబడిపోయాయి. దినదినమూ ఉడికి ఉడికి పసుపు తిరిగాయి. పాల మీగడ చుక్కల్లాగా తెల్లని మచ్చలు అంటుకుని కడిగినా పోలేదు. మధ్యాహ్నానికే కళ్ళు ఎర్రబడేవి, రెప్పల లోపల దురద. విమలమ్మ రెప్ప తిరగేసి చూసి, ఇవి పారేసి కొత్తవి పెట్టుకోవాలనీ, అవి వచ్చేదాకా అద్దాలే వాడమనీ చెప్పింది. ఈ భారతం అయిపోతే పెట్టుకోనులేమ్మా అన్నాడు. ఆయనకు సొంత ఊళ్ళో తపస్సు దినం కావాలి. ఆ ఒక్క పొద్దున పైనుంచి చూపు కావాలి.

తపస్సు చేసే అర్జునుడికి ముందు కంకణం కడతారు. కంకణం కట్టాక మాను దిగేదాకా ఒక్కపొద్దు, అదీ ఉప్పు లేకుండా. చప్పిడి సంగటి, చప్పిడి మజ్జిగ. అంతకు ముందు ఏళ్ళలో ఈయన నోటి ఒక్కపొద్దు పాటించి, లెన్సులు మాత్రం ఉప్పునీళ్ళలోనే పెట్టుకునేవాడు. ఆ యేడు కంకణం కట్టిన దినమే ఉప్పునీళ్ళ సీసా పారబొయ్యమన్నాడు. గుడి ముందు కూర్చునే పెద్దాయన బైరప్పను పిలుచుకొచ్చాను. ఆయన నిష్ఠ గల మనిషే. "ఒక్కపొద్దు నోటికప్పా, కండ్లకు యాడుండాది?" అని ఆయనే అన్నాడు. చెంగల్రాయుడు వినలేదు. ఈసారి వ్రతంలో వెంట్రుకంత లోపం కూడా ఉండకూడదన్నాడు. ఎందుకీసారి అంటే చెప్పడు. నాగరత్నమ్మ బతిమాలింది, నేను తిట్టాను. ఆయన గుడి బావి నీళ్ళు తెచ్చి, వడగట్టి, డబ్బీలో పోసుకున్నాడు. నిప్పు మీద పెడితే వంటతో సమానమని, మరగబెట్టడం కూడా మానేశాడు.

ఉప్పు లేని ఆ నీళ్ళు తాగి లెన్సులు ఉబ్బాయి. కంట్లో పెడితే మొదట వదులుగా జారేవి, కాసేపటికి కన్నీళ్ళు తగిలి బిగుసుకుపోయేవి. తపస్సు దినం పొద్దున ఎడమ కన్ను నలుపుకుంటే ఆ లెన్సు ఊడి దుమ్ములో పడిపోయింది. కుడికంటిది పెనానికి అట్టు అంటుకున్నట్టు అంటుకుపోయి కదల్లేదు. కన్ను మిరపపండులాగా ఉంది. ఈ పొద్దు ఎక్కొద్దు, రామచంద్రకు కబురు చేద్దామని చెప్పాను. అప్పుడు చెప్పాడు, నన్ను గుడి వెనక్కి తీసుకుపోయి, పోయినేడు పైనుంచి ఏం చూశాడో.

"దాని కొంగులో ఒక పండు వేసి దిగిపోతానప్పా. ఆ తర్వాత రామచంద్రకే ఇచ్చేయండి అర్జునుణ్ణి" అన్నాడు.

నాకు కోపమొచ్చింది. పోయి పెట్టె దగ్గర కూర్చున్నాను.

ఎక్కాడు. ఆ దినం పాడినట్టు ఆయన మళ్ళీ పాడలేదు, అంతకు ముందూ పాడలేదు. కొసన కూర్చుని చాలాసేపు తల అటూ ఇటూ తిప్పాడు. కింద తెల్లటి మసక తప్ప ఏమీ కనపడలేదని తర్వాత చెప్పాడు. పోయినేడు ఆమె నిలబడిన చోటు గుర్తు పెట్టుకుని, జోలెలోని పండ్లలో సగం ఆ వైపే విసిరాడు. నేను చూస్తూనే ఉన్నాను. నాగరత్నమ్మ ఆ యేడు ఆ చోట లేదు. మాను మొదట్లో, నా పక్కనే, కొంగు రెండు చేతులా పట్టుకుని, తలెత్తి నిలబడి ఉంది. పండ్లు ఎవరెవరి కొంగుల్లోనో పడ్డాయి. ఒకటి వచ్చి నా పెట్టె మీద పడింది.

దిగిన మనిషి కన్ను తెరవలేకపోయాడు. నాగరత్నమ్మ కొంగు ముడిలో నుంచి చిన్న సీసా తీసింది. పారబొయ్యమన్న ఉప్పునీళ్ళలో కొన్ని ఆమె దాచి ఉంచింది. జనమంతా చూస్తుండగా, కంకణం చేతికి ఉండగానే, ఆ నీళ్ళు కంట్లో పోసింది. లెన్సు మెత్తబడేదాకా ఓర్చుకుని ఉంటే అదే వచ్చేదేమో. నొప్పికి తట్టుకోలేక ఆయన విభూది వేళ్ళతో దాన్ని గిల్లి లాగేశాడు. దాంతో పాటు కంటి మీది పొర కూడా లేచింది. రామచంద్ర వచ్చేదాకా ఇంకో రెండు దినాలు ఆయనకే వేషం కట్టించారు. ఆ తర్వాత మదనపల్లె బస్సెక్కేసరికి నల్లగుడ్డు మీద తెల్లని చుక్క.

విమలమ్మ పక్కనే ఉండి గంటగంటకూ మందు వేయించింది. తిట్టలేదు. ఎందుకిలా చేశావని మాత్రం అడిగింది. వ్రతం సంగతి చెప్పాడు.

"కన్నీళ్ళే ఉప్పగుంటాయి గదప్పా" అని, ఆమె మందు సీసాకు మూత పెట్టింది.

పుండు మానింది. మచ్చ మిగిలింది. కుడికంటికి వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. ఎడమకంటికి మళ్ళీ సోడాబుడ్డి అద్దం. రామచంద్ర అర్జునుడయ్యాడు. మంచి పిల్లవాడే, గొంతు బాగానే ఉంటుంది. నేను రెండేళ్ళు వాయించి మానుకున్నాను.

ఎనభై ఎనిమిదిలో, చెనిక్కాయలు పీకే దినాల్లో, వాళ్ళ చేను దగ్గరికి పోయాను. ఇద్దరూ కుప్ప పక్కన కూర్చుని పీకిన చెట్ల నుంచి కాయలు కోస్తున్నారు. ఆయన తడిమి కోస్తుంటే ఆమె వదిలేసినవి ఏరుకుంటోంది. ఎండ, దుమ్ము, ఇద్దరి ముఖాల్లోనూ అలసట. నాలుగేళ్ళుగా తపస్సు దినం మాట వాళ్ళ మధ్య రాలేదని చూడగానే తెలిసింది. నా నోరు ఊరుకోదు. ఈయన కన్ను నీకు పండు వెయ్యాలని పోయింది గదమ్మా, నువ్వు ఆ పొద్దు చోటు మార్చి ఎందుకు నిలబడ్డావని అడిగేశాను. చెంగల్రాయుడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. నాగరత్నమ్మ చేతిలోని చెనిక్కాయ చెట్టును కింద పెట్టేసింది.

"పండా? పండు నాకెందుకు?" అంది. "బిడ్డల ఆశ ఎప్పుడో వదిలేస్తి."

"కొంగు పట్టుకోని నిలబడుండావు గదా. నేను సూస్తి" అన్నాడు ఆయన.

"కండ్లు కనపడని మనిషి అంత ఎత్తున ఉండాడే, పడితే పట్టుకుందామని నిలబడ్తాంటి. ఆ పొద్దు నీ కన్ను బాగలేదని ఇంగా దగ్గరికొచ్చి నిలబడితి."

"ప్రతి యేడూనా?"

"ప్రతి యేడూ."

కొంగుతో మనిషిని పట్టుకోవడం జరిగే పని కాదు. మొదటిసారి ఆమెను పైనుంచి చూసి, మాను దిగిన పొద్దునే ఆయన ఒక్కమాట అడిగి ఉంటే కన్ను నిలిచేది. సిగ్గుపడుతుందనుకున్నాడట. నాకు ఆయన మీద కోపం రావాలి గానీ రాలేదు. చెంగల్రాయుడు అద్దాలు తీసి, పాత అలవాటున ఆమె చేతికిచ్చాడు. మచ్చపడిన కంట్లో నుంచీ, చూపున్న కంట్లో నుంచీ నీళ్ళు ఒకే మాదిరి కారాయి. నాగరత్నమ్మ ఆ అద్దాలు కొంగున ముడేసుకుని, ఆయన మొహం తుడిచింది.